బర్మా బాటలపై జపాను బండ్లు: వాటిని గుర్తించే విధానం

బర్మా దేశం (1989 నుండి అధికారికంగా మయన్మార్) 1962 మొదలు 2011 వరకు, ఇంచుమించు అర్ధ శతాబ్దం, బయటి ప్రపంచానికి దూరంగా మెలిగింది. ఆ కాలంలో అక్కడి రోడ్లపై తిరిగిన లారీలు, బస్సులు, కార్లలో సింహభాగం జపానువే. అయితే అవన్నీ ఒకే దారిన వచ్చినవి కావు. కొన్ని యుద్ధ నష్టపరిహారం కింద వచ్చాయి. కొన్ని నావికుల సంపాదనతో, సరిహద్దు వ్యాపారంతో వచ్చాయి. మరికొన్ని 2011 తర్వాత నిబంధనలు సడలినప్పుడు ఓడల నిండా దిగాయి. బండిని సరిగా గుర్తించగలిగితే అది ఏ కాలంలో, ఏ దారిన ఆ దేశంలో అడుగుపెట్టిందో తెలుస్తుంది. ఆ దేశ ప్రజలకు ఇది కేవలం కుతూహలం తీర్చే విద్య కాదు. బండి ధర ఇంటి ధరతో పోటీపడిన రోజుల్లో, చాసిస్‌పై ఉన్న అంకెలు అసలువా కాదా అన్నదానిపై ఒక కుటుంబం కూడబెట్టిన సొమ్మంతా ఆధారపడి ఉండేది.

తెలుగువారికి గల సంబంధం

యానాం పక్కనే ఉన్న కోరంగి రేవు నుండి, కాకినాడ, విశాఖపట్నం, గంజాం జిల్లాలోని గోపాలపురం రేవుల నుండి వేలాది తెలుగు కుటుంబాలు రంగూను చేరాయి. కోరంగి పేరు మీదుగానే బర్మావారు తెలుగువారిని ‘కొరంగీలు’ అని పిలిచారు. రంగూను రేవులో బస్తాలు మోసినవారిలోనూ, నగర వీధుల్లో మనిషి లాగే రిక్షాలు నడిపినవారిలోనూ తెలుగు కూలీలు అధికంగా ఉండేవారు. రిక్షా అన్న మాట కూడా జపాను భాషలోని ‘జిన్‌రికిషా’ నుండి వచ్చినదే. మనిషి బలంతో నడిచే బండి అని దాని అర్థం. ఆ విధంగా రంగూనులో జపాను పుట్టుక గల తొలి బండ్లను లాగినవారిలో మనవారున్నారు.

1941 డిసెంబరు 23న జపాను విమానాలు రంగూనుపై తొలిసారి బాంబులు కురిపించాయి. ఆ తరువాత లక్షలాది భారతీయులు కొండలు, అడవులు దాటి కాలినడకన స్వదేశానికి బయలుదేరారు. యుద్ధానంతరం తిరిగి వెళ్ళినవారిలో అనేకులు 1964లో దుకాణాలు, వ్యాపారాలు జాతీయం కావడంతో మరల ఓడ ఎక్కవలసి వచ్చింది. విశాఖపట్నం, శ్రీకాకుళం ప్రాంతాలలో ‘బర్మా కాలనీ’, ‘బర్మా క్యాంపు’ అనే పేర్లు ఈ రాకకు గుర్తులు. మిగిలిపోయిన బంధువులను చూడబోయినవారికి, వారు పంపిన ఛాయాచిత్రాలను దాచుకున్నవారికి ఈ వ్యాసంలోని కొన్ని బండ్లు పరిచితమే కావచ్చు.

మొదటి దారి: యుద్ధ నష్టపరిహారం

1942 నుండి 1945 వరకు బర్మా జపాను ఆక్రమణలో ఉంది. 1948 జనవరి 4న స్వాతంత్ర్యం పొందిన తర్వాత బర్మా ప్రభుత్వం నష్టపరిహారం కోరింది. 1954 నవంబరులో ఒప్పందం కుదిరింది. పదేళ్ళలో 20 కోట్ల డాలర్ల విలువైన వస్తువులు, సేవలు అందించడానికి జపాను అంగీకరించింది. 1963లో మరో ఒప్పందం ద్వారా 14 కోట్ల డాలర్ల సహాయం అదనంగా వచ్చింది.

ఈ నిధులతో నాలుగు పారిశ్రామిక పథకాలు నడిచాయి. హినో సంస్థ సహకారంతో లారీలు, బస్సులు; మాజ్డా సహకారంతో చిన్న వాహనాలు; కుబోటా సహకారంతో వ్యవసాయ యంత్రాలు; మత్సుషితా సహకారంతో విద్యుత్ పరికరాలు తయారయ్యాయి. విడిభాగాలు జపాను నుండి రాగా వాటిని బర్మాలో జోడించేవారు. 1962 మార్చి 2న జనరల్ నే విన్ అధికారం చేజిక్కించుకొని విదేశీ వ్యాపారాన్ని బిగించిన తరువాత కూడా ఈ పథకాలు సాగాయి. అందువల్ల ఇతర దేశాల బండ్లు ఆగిపోయినా, ఈ రెండు సంస్థల బండ్లు మాత్రం బర్మా రోడ్లపై నిలిచాయి.

ఈ కాలపు బండ్లలో మూడు రకాలు ముఖ్యమైనవి.

హినో లారీ: టీఈ శ్రేణికి చెందిన, ముందుకు పొడుచుకువచ్చిన బోనెట్ గల భారీ లారీ. ఇంజను డ్రైవరు ముందు, పొడవైన మూత కింద ఉంటుంది. గుండ్రని హెడ్‌లైట్లు, ఎత్తైన గ్రిల్లు దీని లక్షణాలు. ధాన్యం, దుంగలు, మనుషులు, ఏదైనా మోస్తూ ఇవి దశాబ్దాలు తిరిగాయి. తలుపులు ఊడి, బోనెట్ మూత పోయి, చెక్క బాడీతో నడిచేవి కూడా ఉండేవి. అలాంటప్పుడు మూతను చూసి కాక చాసిస్‌ను చూసి గుర్తించవలసి ఉంటుంది.

మాజ్డా బీ600: జపానులో బీ360 పేరుతో అమ్మిన బుల్లి ట్రక్కుకు ఇంజను సామర్థ్యం పెంచిన రూపం. ఇంజను సుమారు 600 సీసీ. వెనుక రెండు బల్లలు వేసి, పైన గుడ్డ గాని రేకు గాని కప్పి, అద్దె బండిగా నడిపారు. బర్మా జనం దీనిని ‘నాలుగు చక్రాలు’ అనే అర్థం వచ్చే ‘లే బేన్’ అనే పేరుతో పిలిచారు. మాండలే నగరంలో నీలిరంగు వేసిన ఈ టాక్సీలు చాలాకాలం కనిపించాయి.

మాజ్డా పాత్‌ఫైండర్ జీపు: 1970 నుండి 1973 వరకు బర్మాలోనే జోడించిన, నాలుగు చక్రాలకూ శక్తి అందే తొమ్మిదిమంది కూర్చునే జీపు. ఇతర దేశాల్లో దాదాపు కనిపించనందువల్ల ఇది ఫొటోలో ఉంటే ఆ ఫొటో బర్మాదేనని ఇంచుమించు నిశ్చయించవచ్చు.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. రంగూను పాత ఫొటోలలో కనిపించే చెక్క బస్సులన్నీ జపానువి కావు. రెండవ ప్రపంచ యుద్ధంలో మిత్రరాజ్యాల సైన్యం వదిలివెళ్ళిన షెవ్రొలే లారీలపై చెక్క బాడీ కట్టి నడిపినవి వాటిలో ఉన్నాయి. వాటి బోనెట్ పొట్టిగా, ముక్కు నొక్కినట్లు ఉంటుంది. హినో బోనెట్ పొడవుగా ఉంటుంది.

రెండవ దారి: నావికులు, సరిహద్దులు

1988 ప్రజా ఉద్యమం తరువాత అదే సంవత్సరం సెప్టెంబరు 18న సైన్యం నేరుగా పాలన చేపట్టింది. సామ్యవాద ఆర్థిక విధానాన్ని విడిచిపెట్టి కొంత ప్రైవేటు వ్యాపారాన్ని అనుమతించింది. విదేశీ ఓడలలో పనిచేసి డాలర్లు సంపాదించిన నావికులు మొదలైనవారికి పరిమితంగా బండ్లు తెచ్చుకొనే అవకాశం కలిగింది. జపానులో పదేళ్ళు తిరిగిన పాత బండ్లు ఇక్కడ కొత్త బండ్లుగా చలామణి అయ్యాయి.

ఈ కాలపు ప్రధాన వాహనం టొయోటా హైలక్స్ పికప్. వెనుక తొట్టెలో ఎదురెదురుగా రెండు బల్లలు, పైన రేకు కప్పు, వెనుక నిలబడేందుకు ఇనుప మెట్టు. దీనిని ‘లైన్ కా’ అంటారు. కా అనగా బండి. ఊరికీ ఊరికీ మధ్య నిర్ణీత దారిలో నడిచే బండి అని భావం. ఇంతకంటె పెద్దది టొయోటా డైనా. బోనెట్ లేని చిన్న లారీ అయిన దీనిపై కూడా బల్లలు వేసి బస్సుగా నడిపారు. కార్లలో 1981లో విడుదలైన నిస్సాన్ సన్నీ బీ11 నమూనా, అందులోనూ ‘సూపర్ సలూన్’ అనే హెచ్చు రకం, రంగూనులో చాలా పేరు పొందింది.

దిగుమతి అనుమతి దొరకడం దుర్లభమైనందున ధరలు ఆకాశాన్నంటాయి. ఇరవయ్యేళ్ళు పైబడిన సాధారణ కారు కూడా పదివేల డాలర్లను మించి పలికింది. అదే కారు జపానులో తుక్కు ధరకు పోయేది. ఈ వ్యత్యాసమే రహస్య రవాణాకు దారితీసింది. థాయిలాండు సరిహద్దు దాటి వచ్చి, రిజిస్ట్రేషను లేకుండా తిరిగే బండ్లను బర్మాలో ‘వితౌట్’ బండ్లు అంటారు. అనుమతి లేనివి అనే అర్థంలో ఇంగ్లీషు మాటే అక్కడ వాడుక మాటగా స్థిరపడింది. సరిహద్దు మండలాల్లో ఇవి స్వేచ్ఛగా తిరిగినా, నగరాలకు వస్తే జప్తు ప్రమాదం ఉండేది. అందుచేత వితౌట్ బండికి, కాగితాలున్న బండికి ధరలో ఎంతో తేడా. వితౌట్ బండికి పాడైపోయిన మరో బండి సంఖ్య తగిలించి అమ్మితే కొన్నవాడు సొమ్ము, బండి రెండూ కోల్పోయేవాడు.

మూడవ దారి: 2011 తర్వాత

2011లో కొత్త ప్రభుత్వం ఏర్పడిన తరువాత సెప్టెంబరులో ఒక పథకం ప్రకటించింది. నలభై ఏళ్ళు దాటిన బండిని ప్రభుత్వానికి అప్పగిస్తే, కొన్ని షరతులకు లోబడి, దానికంటె కొత్తదైన ఒక బండిని దిగుమతి చేసుకొనే అనుమతి ఇస్తారు. తరువాత ఆ వయోపరిమితిని ముప్పై ఏళ్ళకు, ఇరవై ఏళ్ళకు తగ్గించారు. నష్టపరిహారపు కాలం నాటి మాజ్డాలకు, హినోలకు ఆ విధంగా రాత్రికి రాత్రి విలువ వచ్చింది. ఇనుముగా వాటి విలువ స్వల్పం. వాటికి బదులుగా వచ్చే అనుమతి పత్రమే అసలు ధనం. ఆ పత్రాలు కూడా చేతులు మారాయి. రిజిస్ట్రేషను పుస్తకంలోని సంఖ్య, తుప్పు పట్టిన చాసిస్‌పై ఉన్న సంఖ్య కలిస్తేనే బండికి విలువ. తుప్పులో అంకె చెరిగిపోతే అర్ధ శతాబ్దం దాచిన బండి వట్టి తుక్కే.

ఈ దారిన వచ్చిన బండ్లలో టొయోటా ప్రోబాక్స్ అగ్రస్థానం ఆక్రమించింది. 2002లో జపానులో విడుదలైన ఈ పెట్టె ఆకారపు కారు అక్కడ కంపెనీల సామాను బండి. రంగూనులో అది టాక్సీ అయింది. టొయోటా బెల్టా, హోండా ఫిట్, సుజుకి స్విఫ్ట్, టొయోటా మార్క్ టూ కూడా విరివిగా వచ్చాయి. 2017 తరువాతి విధానాలు కుడి స్టీరింగు బండ్ల దిగుమతిని కట్టడి చేసి, ఎడమ స్టీరింగు వైపు మొగ్గాయి. 2021 ఫిబ్రవరి 1న సైన్యం తిరిగి అధికారం తీసుకున్న తర్వాత దిగుమతులు మళ్ళీ బిగిశాయి. అందువల్ల అప్పటికే వచ్చిన జపాను బండ్లే మరమ్మతులతో కొనసాగుతున్నాయి.

మొదటి పరీక్ష: స్టీరింగు, తలుపు

జపానులో మన దేశంలో వలెనే బండ్లు రోడ్డుకు ఎడమవైపు నడుస్తాయి. స్టీరింగు కుడివైపు ఉంటుంది. బర్మా కూడా బ్రిటిషు పాలన నుండి వచ్చిన ఇదే పద్ధతిని పాటించేది. 1970 డిసెంబరు 6న నే విన్ ప్రభుత్వం ఒక్కసారిగా కుడివైపు నడక పద్ధతికి మార్చింది. రోడ్లు మారాయి గాని బండ్లు మారలేదు. ఆ తరువాత కూడా నాలుగు దశాబ్దాలకు పైగా జపాను నుండి కుడి స్టీరింగు బండ్లే వచ్చాయి. రోడ్డుకు కుడిపక్క నడుస్తూ, డ్రైవరు కూడా కుడిపక్కనే కూర్చున్న బండి కనిపిస్తే, అది జపాను నుండి గాని, జపాను వలె ఎడమవైపు నడిచే థాయిలాండు నుండి గాని వచ్చినదని ప్రాథమికంగా భావించవచ్చు.

దీనివల్ల కలిగే ప్రమాదం చిన్నది కాదు. జపాను బస్సుకు తలుపు ఎడమవైపు, అనగా అక్కడి ఫుట్‌పాత్ వైపు ఉంటుంది. బర్మాలో అదే తలుపు నడిరోడ్డులోకి తెరుచుకుంటుంది. దిగే ప్రయాణికుడు ఎదురుగా వచ్చే బండ్ల మధ్య అడుగు పెట్టాలి. ఈ కారణంగా కొన్ని బస్సులకు కుడివైపు రేకు కోసి కొత్త తలుపు అమర్చారు. ఎడమవైపు అసలు తలుపు మూసివేసిన అతుకు, కుడివైపు కొత్త తలుపు చుట్టూ వెల్డింగు గీత రెండూ కనిపిస్తే అది జపాను బస్సు అనడానికి బలమైన సాక్ష్యం. ముందు బండిని దాటవలసి వచ్చినప్పుడు కుడిపక్క కూర్చున్న డ్రైవరుకు ఎదురు రోడ్డు కనబడదు. ఎడమపక్క కూర్చున్న క్లీనరు తొంగి చూసి చెప్పాలి. 2017 జనవరిలో రంగూను నగర బస్సు వ్యవస్థను సంస్కరించి, ఎడమ స్టీరింగు గల కొత్త చైనా బస్సులు ప్రవేశపెట్టడానికి గల కారణాలలో ఈ భద్రత ఒకటి.

హెడ్‌లైటు కూడా సాక్ష్యమిస్తుంది. రాత్రివేళ బండిని గోడకు ఎదురుగా నిలిపి డిమ్ వెలుగు వేస్తే, జపాను బండి వెలుగు ఎడమవైపు కాస్త పైకి లేస్తుంది. తమ దేశంలో రోడ్డు అంచును చూపడానికి ఆ ఏర్పాటు. బర్మాలో అదే వెలుగు ఎదుటివాని కళ్ళలో పడుతుంది.

వెలుపలి గుర్తులు

అద్దాలు: జపానులో 1983 వరకు కార్లకు వెనుక చూపే అద్దాలు తలుపులపై కాక, ముందు మడ్‌గార్డులపై ఉండేవి. ఆ సంవత్సరమే తలుపు అద్దాలకు అనుమతి లభించింది. కనుక మడ్‌గార్డుపై అద్దాలున్న కారు సాధారణంగా అంతకు పూర్వపుది. టాక్సీలుగా తయారైన కార్లకు మాత్రం ఆ తరువాత కూడా ఈ పద్ధతి కొనసాగింది. వాన్లకు, పెద్ద జీపులకు ముందు ఎడమ మూల చిన్న గుండ్రని అద్దం అదనంగా ఉంటుంది. ఎడమ చక్రం దగ్గర పిల్లలు గాని, రాయి గాని ఉంటే చూడటానికి అది.

ఆకుపచ్చ దీపాలు: పెద్ద లారీ క్యాబిన్ పైన వరుసగా మూడు ఆకుపచ్చ దీపాలుంటే అది జపాను స్వదేశీ వాడకానికి తయారైన లారీ అని దాదాపు నిశ్చయంగా చెప్పవచ్చు. వేగం గంటకు 40 కిలోమీటర్ల లోపైతే ఒకటి, 40 నుండి 60 మధ్య రెండు, 60 దాటితే మూడు వెలిగేవి. 1990ల చివర ఈ నిబంధనను తొలగించారు. కాబట్టి ఈ దీపాలు బండి దేశాన్నే కాక కాలాన్ని కూడా సూచిస్తాయి.

రాతలు: జపాను కంపెనీల పేర్లు, ఫోను నంబర్లు తలుపులపై అలాగే ఉన్న బండ్లు బర్మాలో ఎన్నో. నేరుగా జపాను నుండి వచ్చిందనడానికి నిదర్శనంగా వాటిని చెరపకుండా ఉంచినవారున్నారు. ఒక విశేషం గమనించాలి. జపానులో లారీ కుడిపక్కన పేరును కుడి నుండి ఎడమకు రాసే ఆచారం ఉంది. బండి ముందు భాగం నుండి వెనుకకు చదవాలన్నది ఉద్దేశం. ఎడమపక్క ఒక వరుసలో, కుడిపక్క తిరగేసిన వరుసలో అవే అక్షరాలు కనిపిస్తే ఆ రాత అసలుది కావడానికే అవకాశం ఎక్కువ. అందానికి తరువాత రాయించినవారికి ఈ సంగతి సాధారణంగా తెలియదు.

చిహ్నాలు: టొయోటా మూడు అండాకారాల చిహ్నం 1989లో వచ్చింది. అంతకు ముందరి బండ్లపై సంస్థ పేరు అక్షరాలలోనే ఉంటుంది. మాజ్డా రెక్కల చిహ్నం 1997 నాటిది. అయితే చిహ్నం రెండు మరలతో ఊడివస్తుంది. పాత హైలక్స్‌కు కొత్త గ్రిల్లు బిగించడం తేలిక. అందుచేత చిహ్నాన్ని చివరి సాక్షిగా తీసుకోవాలే గాని మొదటి సాక్షిగా కాదు.

ధ్వని: వెనక్కు నడిపేటప్పుడు స్త్రీ గొంతుతో జపాను భాషలో హెచ్చరిక వినిపించే లారీలున్నాయి. బండి వెనక్కు వస్తోంది, జాగ్రత్త అని దాని అర్థం. భాష తెలియని ఊళ్ళలో కూడా ఆ ధ్వని వినగానే జనం పక్కకు తప్పుకుంటారు.

లోపలి గుర్తులు

అన్నిటికంటె నమ్మదగినది చాసిస్ సంఖ్య. జపానులో స్వదేశీ విక్రయానికి తయారైన బండ్లకు ఇతర దేశాలలో వలె పదిహేడు అక్షరాల సంఖ్య ఉండదు. నమూనా సంకేతం, ఒక చిన్న గీత, వరుస సంఖ్య, ఇంతే. కార్లకు ఇంజను గదిలో వెనుక గోడపైనా, పికప్‌లకు, లారీలకు సాధారణంగా కుడివైపు చాసిస్ కమ్మీపైనా దీనిని చెక్కుతారు. ఇంజను గదిలో గాని, తలుపు పక్క స్తంభంపై గాని చిన్న లోహపు ఫలకం కూడా ఉంటుంది. ఈ ఫలకంపై జపాను లిపి ఉంటే బండి ఆ దేశపు విపణికి తయారైనది.

సంకేతాన్ని విడదీసి చదవవచ్చు. ఉదాహరణకు ‘ఎల్ఎన్106’ అనే టొయోటా సంకేతంలో ‘ఎల్’ డీజిల్ ఇంజను కుటుంబాన్ని, ‘ఎన్’ హైలక్స్‌ను, అంకె తరాన్ని, రకాన్ని తెలుపుతాయి. మొదటి అక్షరం ‘ఆర్’ అయితే పెట్రోలు ఇంజను. ‘ఏఈ100’లో ‘ఈ’ కరోలాకు గుర్తు. ‘ఎన్‌సీపీ50’ వంటిది ప్రోబాక్స్. సంకేతం పెట్రోలు అని చెబుతూ, లోపల డీజిల్ ఇంజను ఉంటే ఇంజను మార్చారని అర్థం. విడిభాగాలు దొరకని దేశంలో ఇంజను మార్పిడి నేరం కాదు, అవసరం. అయితే కొనేవానికి ఆ సంగతి తెలియాలి.

ఫలకంపై సాధారణంగా తయారీ సంవత్సరం ఉండదు. ఇందుకు సీటు బెల్టు అడుగున కుట్టిన చిన్న పట్టీ చూడాలి. దానిపై బెల్టు తయారైన సంవత్సరం తరచుగా ఉంటుంది. జపాను కాగితాలలో సంవత్సరం చక్రవర్తి శకంలో ఉంటుంది. షోవా శకమైతే 1925, హెయ్‌సెయ్ శకమైతే 1988, రేవా శకమైతే 2018 కలపాలి. షోవా 60 అంటే 1985. హెయ్‌సెయ్ 7 అంటే 1995. ఈ లెక్క తెలియక ‘60’ని 1960గా, ‘7’ని 2007గా పొరబడే అవకాశం ఉంది.

చెక్కిన అంకెల చుట్టూ గరుకుదనం, కొత్త రంగు, వెల్డింగు గీత ఉంటే అనుమానించాలి. అసలు అంకెలు ఒకే లోతులో, సమాన దూరంలో ఉంటాయి. చేత్తో కొట్టినవి ఒకటి పైకి, ఒకటి కిందికి ఉంటాయి.

జపానువిగా కనిపించే ఇతర బండ్లు

పేరు జపానుదైనంత మాత్రాన బండి జపాను నుండి వచ్చిందని కాదు. థాయిలాండులో తయారైన హైలక్స్‌కు పదిహేడు అక్షరాల సంఖ్య ఉంటుంది. అది ‘ఎమ్‌ఆర్’ వంటి అక్షరాలతో మొదలవుతుంది. జపాను ఎగుమతి బండ్ల సంఖ్య ‘జె’తో, చైనా బండ్లది ‘ఎల్’తో ప్రారంభం. రుయిలి–మూసే సరిహద్దు మీదుగా వచ్చే చైనా లారీలలో ఇసుజు క్యాబిన్‌ను పోలినవి ఉన్నాయి. వాటి స్టీరింగు ఎడమవైపు ఉండటం తేలికైన తేడా.

ఇదే పాఠాన్ని మన దేశంలోనూ అన్వయించుకోవచ్చు. 1980లలో జపాను సంస్థల సహకారంతో తేలికపాటి లారీలు ఇక్కడే తయారయ్యాయి. కర్ణాటక సరిహద్దు చెంత జహీరాబాదులో తయారైన ఆల్విన్ నిస్సాన్ వాటిలో ఒకటి. స్వరాజ్ మాజ్డా, డీసీఎం టొయోటా, ఐషర్ మిత్సుబిషి కూడా అదే తరానివి. రూపు జపానుది, తయారీ మనది. భారతదేశపు పదిహేడు అక్షరాల సంఖ్య సాధారణంగా ‘ఎమ్‌ఏ’ నుండి ‘ఎమ్‌ఈ’ వరకు గల అక్షరాలతో మొదలవుతుంది.

నంబరు ప్లేటు చెప్పేది, చెప్పనిది

నంబరు ప్లేటు బండి ఎక్కడ నమోదైందో చెబుతుంది గాని ఎక్కడ పుట్టిందో చెప్పదు. బర్మాలో నల్ల ప్లేటు సొంత బండికి, ఎర్ర ప్లేటు అద్దె బండికి, నీలి ప్లేటు పర్యాటకులను తిప్పే బండికి, పసుపు ప్లేటు ధార్మిక సంస్థల బండికి గుర్తు. పాత ప్లేట్లపై బర్మా లిపి ఉంటుంది. తెలుగు చదివినవారికి ఇక్కడ ఒక సౌలభ్యముంది. రెండు లిపులూ బ్రాహ్మీ సంతతివే అయినందున బర్మా అంకెలలో ఒకటి, రెండు, మూడు మన ౧, ౨, ౩ లకు చాలా దగ్గరగా ఉంటాయి. తెలుగు అంకెలు నేర్చిన తాతలకు ఆ ప్లేటు పూర్తిగా అపరిచితం కాదు.

పరిశీలన క్రమం

పై విషయాలన్నిటినీ ఒక వరుసలో పాటిస్తే పొరపాటు తగ్గుతుంది. ముందుగా స్టీరింగు ఏ పక్క ఉందో, తలుపు ఏ పక్క ఉందో చూడాలి. తరువాత బోనెట్ ఆకారం, అద్దాల స్థానం, ఆకుపచ్చ దీపాలు, రాతలు. ఆ తరువాత ఫలకంపై లిపి, చాసిస్ సంఖ్య రూపం. చివరగా సీటు బెల్టు పట్టీ, కాగితాలలోని శకం. చిహ్నం, గ్రిల్లు, రంగు, ఈ మూడూ మారేవి గనుక వాటిని ఇతర గుర్తులతో సరిపోల్చుకున్న తరువాతే లెక్కలోకి తీసుకోవాలి.

ఫొటో మాత్రమే చేతిలో ఉన్నవారికి కూడా మొదటి రెండు మెట్లు చాలావరకు సరిపోతాయి. బర్మా బంధువులు పంపిన పాత ఫొటోలో పొడవైన బోనెట్ లారీ గాని, బుల్లి నాలుగు చక్రాల బండి గాని ఉంటే అది నష్టపరిహారపు దారిన వచ్చినది. రేకు కప్పు వేసిన హైలక్స్ ఉంటే ఆ ఫొటో అధికంగా 1988 తర్వాతది. ప్రోబాక్స్ ఉంటే 2011 తర్వాతది. ఫొటో వెనుక తేదీ రాయడం మరచినా, ముందు నిలిచిన బండి ఆ తేదీని కొంతవరకు చెబుతుంది.